ఫారంలో గడి లేని మాట

(వివిధ శాఖల పరిశోధక విద్యార్థుల కోసం జరిగిన వర్క్‌షాపులో ఉదయం చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? ముందు వరసలన్నీ ఖాళీగా ఉన్నాయి, కొంచెం ముందుకు రండమ్మా. రండి బాబూ. మొహాలు కనబడితే నాకు మాట్లాడటం తేలిక.

నిర్వాహకులు ఫోన్ చేసినప్పుడు, వేరువేరు శాస్త్రాలవాళ్ళు కలిసి చేసే పరిశోధన మీద మాట్లాడాలి, మీ అనుభవంలోంచి ఒక సక్సెస్ స్టోరీ చెప్పండి అన్నారు. నేను ఒక రోజు టైమ్ అడిగాను. మర్నాడు ఫోన్ చేసి, సక్సెస్ బదులు ఫెయిలైన ప్రాజెక్టు గురించి చెబుతాను, ఫరవాలేదా అన్నాను. వాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు. అందుకు వాళ్ళకి నిజంగా కృతజ్ఞతలు. ఇలాంటి మాట చెప్పడానికి చోటు దొరకడం కష్టం.

నేను జియాలజీ మనిషిని. భూగర్భ జలాలు నా పని. ఇక్కడ జియాలజీ వాళ్ళెంతమంది? సరే. సోషియాలజీ? ఎకనామిక్స్? వ్యవసాయం? స్టాటిస్టిక్స్ ఒక్కరేనా? మీ చుట్టూ అందరూ చేరతారమ్మా, జాగ్రత్త. ఇప్పుడు నిధులిచ్చేవాళ్ళు ఇంకో శాఖను కలుపుకు రమ్మని అడుగుతున్నారు కాబట్టి, మీలో చాలామంది ఉమ్మడి ప్రాజెక్టుల్లోకి వెళ్తారు. వెళ్ళాలి కూడా. నీళ్ళు, నేల, జబ్బు, కూలి, ఇవన్నీ ఊళ్ళో ఒకే మనిషి ఒంట్లో కలిసి ఉంటాయి. మన బిల్డింగుల్లోనే వేరువేరు అంతస్తుల్లో ఉంటాయి.

ఒక్కరం చేసిన పరిశోధన ఫెయిలైతే మనకే తెలుస్తుంది. ప్రయోగం రాదు, లెక్క కుదరదు, గైడ్ మొహం చూస్తే అర్థమవుతుంది. ఉమ్మడి పరిశోధన అలా కాదు. అక్కడ ఎవరి భాగం వాళ్ళకి పాస్ అవుతుంది. ఇంజనీరు పాస్. డాక్టరు పాస్. ఆర్థికవేత్త పాస్. మొత్తం మాత్రం ఫెయిల్. మరి ఆ ఫెయిల్ ఎవరిది? ఎవరి ఖాతాలో రాయాలి? ఎవరి ఖాతాలోనూ రాయం. రాయకపోతే ఎవరు నేర్చుకుంటారు?

దీనికి దూరం వెళ్ళక్కర్లేదు. పటాన్‌చెరు వెళ్దాం. ఇక్రిశాట్ 1972లో మొదలైంది. మెట్ట పంటల మీద అంతర్జాతీయ సంస్థ. దాని ఆవరణలో ఎర్ర నేలలూ ఉన్నాయి, నల్ల రేగడీ ఉంది. రేగడి సంగతి మీలో వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళకి తెలుసు. తడిస్తే బంక, కాళ్ళు దిగబడతాయి. ఎండితే నెర్రెలిచ్చి రాయిలా ఉంటుంది. అందుకని చాలా చోట్ల వానాకాలమంతా పొలం ఖాళీగా ఉంచేవారు. వానలు తగ్గాక, నేలలో దాగిన తేమ మీద యాసంగిలో జొన్నో శనగో వేసేవారు.

శాస్త్రవేత్తలు ఏమనుకున్నారు? ఇంత వాన వృథాగా పోతోందే, మట్టిని కూడా కొట్టుకుపోతోందే అనుకున్నారు. దానికి మంచి ఉపాయమే కనిపెట్టారు. నేలను ఒకటిన్నర మీటరు వెడల్పున బోదెలుగా చేసి మధ్యలో కాలవలు తియ్యాలి. మిగులు నీరు మెల్లగా బయటికి పోతుంది. తొలకరికి ముందే పొడి దుక్కిలో విత్తనం వెయ్యాలి, ఎందుకంటే వాన పడ్డాక రేగడిలోకి దిగలేం. మేలైన విత్తనం, ఎరువు, ఏడాదికి రెండు పంటలు. 1976లో అక్కడ మొదలుపెట్టిన ప్రయోగం కొన్ని దశాబ్దాలు నడిచింది. పాత పద్ధతిలో హెక్టారుకు సుమారు ఒక టన్ను, కొత్త పద్ధతిలో సుమారు ఐదు టన్నుల గింజ. ఒకటికి ఐదు! ఇది గొప్ప శాస్త్రమే. నేను దీన్ని తక్కువ చెయ్యడం లేదు.

ఆ సంస్థలో అప్పట్లో ఇంకో మంచి పని జరిగింది. 1975 నుంచి ఆర్థికవేత్తలు, సామాజిక శాస్త్రవేత్తలు కలిసి ఊళ్ళ అధ్యయనం పెట్టారు. మన మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లి, దోకూరు. మహారాష్ట్రలో షోలాపూర్ వైపు రెండు, అకోలా వైపు రెండు. ఊరికి 40 కుటుంబాలు. వివరాలు రాసేవాళ్ళు ఆ ఊళ్ళోనే కాపురం ఉన్నారు. ఊళ్ళోనే! ఫోన్ చేసి కనుక్కోవడం కాదు. అలా ఉన్నాక ఒక ప్రశ్న పుట్టింది. షోలాపూర్ రైతు వానాకాలంలో రేగడిని ఎందుకు ఖాళీగా ఉంచుతాడు? తెలియకనా? సోమరితనమా?

జవాబు ఎక్కడ దొరికింది? ఎకనామిక్స్‌లో దొరకలేదు, మట్టి శాస్త్రంలో దొరకలేదు. వాతావరణ శాస్త్రంలో దొరికింది. వీర్మాని గారని వాతావరణ శాస్త్రవేత్త, వారం వారం వాన లెక్కలు తీశారు. హైదరాబాదుకీ షోలాపూర్‌కీ ఏడాది సగటు వాన దగ్గర దగ్గరగా 750 మిల్లీమీటర్లే. సగటు చూస్తే రెండూ ఒకటే. కానీ జూన్‌లో తొలకరి పడ్డాక మళ్ళీ వాన వస్తుందన్న నమ్మకం హైదరాబాదులో ఉంది, షోలాపూర్‌లో లేదు. అక్కడ పొడి దుక్కిలో వేసిన విత్తనం మొలిచి ఎండిపోయే ప్రమాదం ఎక్కువ. అంటే షోలాపూర్ రైతు చేస్తున్నది సరైన పనే. కొత్త పద్ధతి వాన నమ్మకంగా పడే లోతు రేగడికే పనికొస్తుందని అప్పుడు హద్దు గీసుకున్నారు. ఊళ్ళో ఉన్నవాళ్ళ ప్రశ్నకి వానల మనిషి జవాబు. ఉమ్మడి పరిశోధన అంటే నాకు గుర్తొచ్చేది ఇదే. చూడండి, ఇది కూడా ‘మన పద్ధతి ఇక్కడ చెల్లదు’ అని ఒప్పుకున్నాకే వచ్చింది.

ఇంకో సంగతి మాత్రం అంత త్వరగా తేలలేదు. ఈ బోదెలు తియ్యాలంటే పనిముట్టు కావాలి. దానికి చక్రాల బండి లాంటి పనిముట్టు వాడారు. ట్రోపికల్టర్ అనేవారు. జాన్ నోల్ అనే ఫ్రెంచి ఇంజనీరు తయారు చేసిన రకం. రెండు చక్రాల చట్రం, ముందు కాడెద్దులు. నాగలి బిగిస్తే దున్నుతుంది, గొర్రు బిగిస్తే విత్తుతుంది, గుంటక బిగిస్తే కలుపు తీస్తుంది, పైన పెట్టె పెడితే బండి. ఇంజనీరు కంటితో చూస్తే ఎంత బాగుంది! ఒక్క చట్రం, పది పనులు.

1981లో మెదక్ జిల్లా తడ్డన్‌పల్లిలో రైతుల పొలాల్లోనే ఈ మొత్తం పద్ధతిని పెట్టి చూపించారు. పంట బాగా వచ్చింది. రైతు పొలంలోనే బాగా వచ్చింది. మరి రైతులు ఆ బండి కొన్నారా? కొనలేదు. రాయితీ, సంస్థ తోడు ఉన్నంతకాలం నడిచింది. తర్వాత రైతులు ఆ ప్యాకేజీలోంచి తమకు కావలసింది ఏరుకున్నారు. మేలైన విత్తనం తీసుకున్నారు, ఎరువు తీసుకున్నారు, బండిని వదిలేశారు.

ఎందుకు వదిలేశారు? మీరు చెప్పండి. ధరా? అవును, ధర. ఊళ్ళో వడ్రంగి చేసే నాగలి, గొర్రు, గుంటక అన్నీ కలిపినా దాని ధరకు చాలా దూరం. బరువు? అవును, మన బక్క ఎద్దులకు బరువే. ఇంకా? ఇంకా ఉంది, ఆలోచించండి. మీ నాన్నగారి పొలంలో పని రోజు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. అన్న నాగలి పట్టుకు పోతే తమ్ముడు గుంటక పట్టుకు పోతాడు. గొర్రు పక్కింటివాళ్ళు అడిగితే ఇస్తాం. బండి మీద ఎరువు వెళ్తుంది. నాలుగు పనులు ఒకేసారి జరుగుతాయి. అన్నీ ఒక్క చట్రానికి బిగిస్తే ఏమవుతుంది? ఒకసారికి ఒక్క పనే. ఇంజనీరు లాభం అనుకున్నది రైతు ఇంట్లో నష్టం. సంస్థ పొలంలో బలమైన ఎద్దులు, చదునైన నేల, శిక్షణ పొందిన మనిషి, పక్కనే రిపేరు చేసే వర్క్‌షాపు. అక్కడ అది పాస్ అయింది.

ఇప్పుడు నాకు బాధ కలిగించే విషయం చెబుతాను. ఈ రకం బండ్లు ఇక్కడే పుట్టలేదు. 1950ల నుంచి సెనెగల్, టాంజానియా, బోట్స్వానా, గాంబియా ఇలా చాలా దేశాల్లో పెట్టి చూశారు. ఒక్కో చోట ఇదే కథ. 1988లో పాల్ స్టార్కీ అనే ఆయన ఈ చరిత్రంతా తవ్వి ఒక పుస్తకం రాశారు. 30 ఏళ్ళలో 45కు పైగా రకాలు, పదివేలకు పైగా బండ్లు తయారయ్యాయి. అనుకున్నట్టు అన్ని పనులకూ కొన్నేళ్ళపాటు వాడిన రైతులు లెక్కకు రానంత తక్కువ. చాలావరకు మూలన పడ్డాయి, లేదా మామూలు ఎడ్లబండిగా మారాయి. ఆయన పుస్తకం పేరుకు తెలుగులో అర్థం చెప్పాలంటే, తీర్చిదిద్దారు, అయినా కాదన్నారు.

ఇన్ని దేశాల్లో ఒకే తప్పు ఎందుకు జరిగింది? ఎందుకంటే చాలా చోట్ల రిపోర్టులు మొదట్లోనే రాశారు. బండి బాగా పనిచేస్తోంది, రైతులు ఆసక్తిగా ఉన్నారు, అని. మూడో ఏడాదికి బండి చెట్టు కింద తుప్పు పట్టింది. దాని మీద రిపోర్టు రాసినవాళ్ళు తక్కువ. పక్క దేశంవాళ్ళకు అందింది ఎక్కువగా ఆ మొదటి రిపోర్టే. వాళ్ళు అది చదివి మళ్ళీ మొదలుపెట్టారు. ఒక్క నిజమైన రిపోర్టు, ఒక్కటంటే ఒక్కటి, టైముకు బయటికి వచ్చుంటే ఎంత డబ్బు, ఎంతమంది శ్రమ మిగిలేది!

ఆ రిపోర్టు ఎవరు రాయాలి? ఇంజనీరా? బండి పనిచేస్తోంది కదా. ఆర్థికవేత్తా? లాభం లెక్క వచ్చింది కదా. ఎవరికి వారే యమునా తీరే. ఆ ఒడ్డున నేనూ నిలబడ్డాను, ఇప్పుడు అది చెబుతాను.

ఇరవై ఏళ్ళ పైమాట. పాత నల్గొండ జిల్లాలో రెండు ఊళ్ళు. పేర్లు చెప్పను, మా టీమ్‌లో వాళ్ళ పేర్లూ చెప్పను. ఫ్లోరైడ్ ఊళ్ళు. నల్గొండ ఫ్లోరైడ్ మీకు తెలియనిది కాదు. అక్కడి గ్రానైట్ రాళ్ళలోనే ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి, లోతు బోరు నీళ్ళలోకి దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం అంటాం. ఏళ్ళ తరబడి తాగితే పళ్ళ మీద మచ్చలు, కీళ్ళు బిగుసుకుపోవడం, నడుము వంగిపోవడం. పటిక, సున్నం వేసి నీళ్ళు శుద్ధి చేసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ నల్గొండ పేరే పెట్టింది.

మేం నలుగురం. నేను నీళ్ళకి. ఒక డాక్టరు. ఒక సామాజిక శాస్త్రవేత్త. ఒక స్టాటిస్టిక్స్ ఆయన. మా ప్రశ్న మంచిదే. ఇంట్లో తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గిస్తే ఒంట్లో ఫ్లోరైడ్ ఎంత తగ్గుతుంది? నేను ప్రతి తాగునీటి బోరు, ప్రతి చేతిపంపు పరీక్షించాను. డాక్టరు గారు మూత్ర పరీక్షలు చేశారు, పళ్ళు, కీళ్ళు చూశారు. మూడోవారు ఇంటింటి సర్వే చేయించారు. మూడో ఏడాది స్టాటిస్టిక్స్ ఆయన అన్నీ కలపాలి. మూడో ఏడాది! అప్పటిదాకా ఎవరి గదిలో వాళ్ళం.

కలపడానికి కూర్చున్న మొదటి రోజే ఆగిపోయాం. ‘ఇల్లు’ అన్న మాట దగ్గర. నవ్వకండి. సర్వేలో ఇల్లు అంటే ఒక పొయ్యి. ఒకే గడపలో ఇద్దరు అన్నదమ్ములు వేరుపడి వండుకుంటే రెండిళ్ళు. డాక్టరు గారి జాబితాలో ఇల్లు అంటే పంచాయతీ డోరు నంబరు. ఇద్దరన్నదమ్ములూ ఒకటే ఇల్లు. నా జాబితాలో అసలు ఇల్లే లేదు, బోరు ఉంది, దాని చుట్టూ వాడేవాళ్ళున్నారు. జాబితాలు మూడు, ఏ రెండూ కలవవు. అలా కొన్ని నెలలు పోయాయి.

చివరికి కలిసిన ఇళ్ళ వరకు లెక్క తీస్తే ఇంకో దెబ్బ. ఇంట్లో శుద్ధి చేసిన నీళ్ళు తాగే కుటుంబాల్లో కూడా మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగానే ఉంది. ఎలా? నేను డాక్టరు గారి శాంపిళ్ళను అనుమానించాను, ఎండలో సరిగ్గా దాచలేదేమో అని. ఆయన నా మీటరును అనుమానించారు. ఇద్దరం కలిసి సర్వేను అనుమానించాం. ఎంత మర్యాదగా అనుమానించుకున్నామో! ఉత్తరాల్లో ‘దయచేసి’ అని రాసుకుంటూ. ఈలోగా గడువు ముగిసింది. తుది నివేదికలో మూడు విడివిడి అధ్యాయాలు పెట్టి ఇచ్చాం. ఎవరి పేపరు వాళ్ళు వేసుకున్నాం. నాకు ఆ పేపరుతో ప్రమోషన్ కూడా వచ్చింది. అందరం పాస్.

ఆ రెండు ఊళ్ళకు ఏం చెప్పాం? ఏమీ చెప్పలేదు. చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు. మళ్ళీ ఆ ఊళ్ళకు వెళ్ళలేదు కూడా. ఇది చెప్పడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

రెండేళ్ళ తర్వాత మా డిపార్ట్‌మెంట్ వేరే బిల్డింగుకు మారుతుంటే, సర్వే ఫారాల పెట్టెలు నా గదికి వచ్చాయి. పారెయ్యమన్నారు. పారేసేముందు ఒక కట్ట విప్పాను. ఫారం వెనక పెన్సిల్‌తో ఏదో రాసుంది. సర్వే చేసిన కుర్రాడు రాశాడు. పక్క ఊరివాడే, డిగ్రీ చదువుతున్నాడు. ఏం రాశాడంటే, ‘పొద్దుగాల్నే కూలికి పోతరు. పొద్దంత చేను కాడి బోరు నీళ్లే తాగుతరు. ఇంటికాడ తాగేది రాత్రే.’ ఇంకో ఫారం వెనకా అదే. ఇంకోదాని వెనకా అదే. కట్టలు కట్టలుగా. మొదటి నెల తారీఖులతో.

అర్థమైందా? ఎండాకాలం చేలో పని చేసే మనిషి ఎన్ని నీళ్ళు తాగుతుంది? ఆ నీళ్ళన్నీ వ్యవసాయ బోరువి. వ్యవసాయ బోర్లు నా జాబితాలో లేవు. అవి తాగునీటి వనరులు కావని నిర్ణయించింది ఎవరు? నేనే. ఆఫీసులో కూర్చుని, ప్రాజెక్టు మొదటి వారంలో. జవాబు మా దగ్గరే మొదటి నెల నుంచీ ఉంది. దానికి ఫారంలో గడి లేదు. గడి లేదు కాబట్టి కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. రాసిన కుర్రాడిని మా మీటింగులకు ఎప్పుడూ పిలవలేదు. అతనికి ఫారానికి ఇంత అని లెక్కకట్టి ఇచ్చేవాళ్ళం. వెనక పేజీకి డబ్బుల్లేవు. అయినా రాశాడు. ఎవరైనా చదువుతారని రాసి ఉంటాడు కదా.

ఇంకోటి కూడా ఉంది. జొన్న ఎక్కువ తినేవాళ్ళ ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తుందని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు 1970లలోనే చూపించారు. నల్గొండ పిల్లల్లో మోకాళ్ళు లోపలికి వంకరపోవడం గురించి 1973లోనే రాసింది వాళ్ళే. మేం తిండి గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. ఎందుకు అడగలేదు? ఎందుకంటే మా నలుగురిలో పోషకాహారం మనిషి లేరు. మనిషి లేకపోతే ప్రశ్న కూడా లేదనుకున్నాం.

ఇదంతా ఒక పేపరుగా రాసి ఒక పత్రికకు పంపాను. కొత్త ఫలితం ఏమీ లేదని తిప్పి పంపారు. ఇంకోసారి పంపే ఓపిక చేసుకోవాల్సింది. చేసుకోలేదు. అది రెండో తప్పు, మొదటిదానికంటే పెద్దది.

ఆ తర్వాత నేను చేసిన ప్రాజెక్టుల్లో పద్ధతి మార్చాను. మొదటి వారం మాటల మీద కూర్చుంటాం. ఇల్లు, కుటుంబం, నీటి వనరు, కూలి, రోజు. ‘రోజు’ కూడా! నర్సుకి రోజు అంటే డ్యూటీ, రైతుకి వేరు. ఒక్క కాగితం మీద ఒప్పుకుని సంతకాలు పెడతాం. తర్వాత పది ఇళ్ళే తీసుకుని చివరి లెక్కల పట్టిక దాకా వెళ్ళిపోతాం, మూడో నెలలోనే. నా నీళ్ళు, డాక్టరు గారి పరీక్షలు, సర్వే, అన్నీ పది ఇళ్ళకు కలపాలి. కలవకపోతే అక్కడే తెలుస్తుంది. పదిళ్ళ దగ్గర కొట్లాడుకోవడం మంచిది, అప్పటికింకా టైముంటుంది. సర్వే చేసేవాళ్ళు నెలనెలా మీటింగులో కూర్చుంటారు, మొదట మాట్లాడేది వాళ్ళే. ఫారం వెనక పేజీ కూడా టైపు చేయిస్తాం. దానికీ డబ్బులిస్తాం. బడ్జెట్‌లో ఆ లైను చూసి అడుగుతారు, ఇదేమిటని. చెబుతాను.

కొత్తపల్లి సంగతి కూడా ఒక్క మాట. శంకర్‌పల్లి దగ్గర ఊరు. 1999లో ఇక్రిశాట్ అక్కడ వాటర్‌షెడ్ పని, అంటే వాన నీటినీ మట్టినీ నిలిపే పని, మొదలుపెట్టినప్పుడు ఒంటరిగా వెళ్ళలేదు. మెట్ట సేద్యం మీద పరిశోధన చేసే క్రీడా, ఉపగ్రహ చిత్రాల పని చేసే ఎన్ఆర్ఎస్ఏ, ప్రభుత్వ శాఖ, ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ, అందరూ మొదటి నుంచే ఒక బల్ల దగ్గర కూర్చున్నారు, ఊరివాళ్ళతో సహా. తడ్డన్‌పల్లి లాంటి చోట్ల నేర్చుకున్నదానికి ఇందులో వాటా ఉందని నేను నమ్ముతాను.

మీ ప్రశ్న నాకు తెలుసు. చెయ్యెత్తక ముందే చెబుతాను. ‘మేడమ్, మీకు ఉద్యోగం ఉంది, మీరు చెప్పగలరు. మేం ఫెయిలైందని రాస్తే పీహెచ్‌డీ వస్తుందా?’ మీ టెన్షన్ న్యాయమైనదే. అందుకే ముందు రాయాల్సింది మీరు కాదు, నాలాంటివాళ్ళు. పదవులున్నవాళ్ళు, పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాళ్ళు. మీ గైడ్‌ను అడగండి. ‘సార్, మీ ప్రాజెక్టుల్లో కుదరనిది ఏదైనా ఉంటే ఆ ఫైలు చూడొచ్చా?’ అని. కొందరు కోప్పడతారు. కొందరు చాలాసేపు మాట్లాడతారు, ఎవరైనా అడగాలని ఎదురుచూస్తున్నవాళ్ళలాగా. నేనైతే అలాగే ఎదురుచూశాను.

సరే, భోజనం టైమ్ అయింది. మధ్యాహ్నం మీరు గ్రూపులుగా కూర్చుంటారు కదా. నేను ఆ పాత ఫారాల పెట్టె ఒకటి కారులో తెచ్చాను. పేర్లున్న భాగం కత్తిరించేశాను. అది ఈ ముందు బల్ల మీద పెడతాను. తలా ఒక కట్ట తీసుకోండి. ముందు పేజీ చదవకండి, వెనక్కి తిప్పి చదవండి. ఏ మాటకు గడి లేదో మీ మీ శాస్త్రం వైపు నుంచి రాయండి. మూడు గంటలకు మళ్ళీ ఇక్కడే కలుద్దాం.